వినువారి మాట వినిన విదుషి



కావ్యమునందు రసము ఎచట నున్నదను ప్రశ్నను మన యాలంకారికులు వేయేండ్లకు పూర్వమే వేసికొనిరి. కవియందా, కథానాయకునియందా, నటునియందా యని చాల తర్కించి, తుదకు అభినవగుప్తాదులు అది చూచువాని హృదయమునందే యున్నదని తేల్చిరి. ఆ చూచువానికి సహృదయుడని పేరు పెట్టిరి. అయినను వారిలో నొకరైనను సహృదయుని యింటికి బోయి, "నిన్నటి నాటకమున మీకేమి లభించినది?" అని యడిగి, అతడు చెప్పిన మాటలను వ్రాసికొనినట్లు కానరాదు. ఆ పనిని ఇరువదవ శతాబ్దమున ఒక యువతి చేసెను. ఆమె యడిగినది సభలోని పండితులను గాదు. ఇంటిపని చేసికొనుచు రేడియో వినుచున్న గృహిణులను. ఆ విదుషి పేరు హెర్టా హెర్జోగ్. ఈ మాసము ఆమె చరిత్రమును, ఆమె వృద్ధి చేసిన విద్య స్వరూపమును ముచ్చటించుకొందము.

రేడియోనుగూర్చి కళాశాలలో బోధింప నేమున్నది, పరిశోధింప నేమున్నదని పెద్దలు సందేహించుట కలదు. వైద్యము చదువగోరిన బాలికకు వెంటనే దీవెన లభించును. న్యాయశాస్త్రము చదువగోరినచో కొంత ఆలస్యముగానైన లభించును. రేడియో విద్యను చదివి, దానినే బోధించుచు, దానిపై పరిశోధన చేయుచు జీవించెదనను బాలికకు మాత్రము "మాటలు వినుట కొక పట్టమా?" యను బదులు వచ్చును. ఆ విద్య యెట్టిదో తెలిసికొనక ఆ బదులు తగునో తగదో చెప్పజాలము.

ఈ విద్యకు రెండంగములు కలవు. వార్తను సేకరించుట, నిజానిజములు విచారించుట, దానిని చెవికి తగిన వాక్యములలో కూర్చుట మొదటి యంగము. పుస్తకము చదువువారు అర్థము కాని పుటను మరల త్రిప్పి చూడగలరు. రేడియో వినువారికి ఆ వీలు లేదు. జారిపోయిన మాట జారిపోయినదే. కావున వాక్యము పొట్టిగా నుండవలెను. పేరును అంకెయు వినగానే మనస్సునకు పట్టవలెను. ఇక రెండవ యంగము, పలికిన మాట వినినవారియందేమి చేసెనో విచారించుట. ఈ రెండవది లేని మొదటిది, వడ్డించిపోయి, విస్తళ్లలో నేమి మిగిలినదో చూడని యిల్లాలి వంటకమువంటిది. హెర్జోగ్ తన పాండిత్యమునంతయు ఈ రెండవ యంగమునకే వినియోగించెను.

ఆమె 1910వ సంవత్సరము ఆగస్టు 14వ తేదీన ఆస్ట్రియా దేశపు రాజధానియైన వియన్నాలో జన్మించెను. ఆ నగరపు విశ్వవిద్యాలయమున కార్ల్ బ్యూలర్ అను ఆచార్యునియొద్ద మనశ్శాస్త్రము చదివి, 1932లో డాక్టరు పట్టము పొందెను. ఆమె పరిశోధనకు గైకొనిన విషయము "కంఠస్వరము–వ్యక్తిత్వము". ఒకే పాఠమును వేర్వేరు మనుష్యులచేత రేడియోలో చదివించి, "ఈ చదివినవారి వయస్సెంత? వృత్తి యేమి? ఆకార మెట్టిది?" అని వినువారిని ఊహించి వ్రాయుడని కోరిరి. కన్నులకు కానరాని మనుష్యుని కేవలము కంఠముచే మనస్సు ఎట్లు సృష్టించుకొనునో తెలిసికొనుట ఇందలి ఉద్దేశము. మన యింటిలో వాకిట తలుపు తట్టి పలికినవారిని లోపలినుండియే పోల్చుకొందుము గదా! పరిచయము లేనివారి విషయమున ఆ పోలిక ఎంతవరకు నిలుచునో ఆమె శాస్త్రరీతిని పరీక్షించెను. ఆ కాలముననే ఆమెకు పోలియో వ్యాధి సోకి, ఒక చేతికి స్వాధీనము తప్పెను. అయినను ఆమె విద్యావ్యాసంగమును విడువలేదు.

1935లో ఆమె అమెరికా చేరెను. వియన్నాలో తనకు గురుస్థానమున నుండిన పాల్ లాజర్స్‌ఫెల్డ్ అచ్చటనే యుండగా, ఆయనను వివాహమాడెను. 1937లో రాక్‌ఫెల్లరు ధర్మసంస్థ యిచ్చిన ధనముతో ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయము పేర రేడియో పరిశోధనాలయ మొకటి వెలసెను. లాజర్స్‌ఫెల్డ్ దానికి అధ్యక్షుడు. కొలదికాలమునకే అది న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు మారెను. అప్పటికి రేడియోను ఎందరు వినుచున్నారను లెక్కలు వ్యాపారులయొద్ద నుండెను. ఏల వినుచున్నారు, విని యేమి పొందుచున్నారు అను ప్రశ్నలకు బదులు లేదు.

ఈ కొఱత తీర్చుటకై లాజర్స్‌ఫెల్డు, ఫ్రాంక్ స్టాంటన్ అను మరియొకరును కలిసి యొక యంత్రమును కల్పించిరి. వినువారి చేతులలో రెండు మీట లుంచుదురు. నచ్చిన చోట ఆకుపచ్చ మీటను, నచ్చని చోట ఎఱ్ఱ మీటను నొక్కవలెను. ఏదియు నొక్కకున్న ఉదాసీనతయని యర్థము. ఈ నొక్కుళ్లు కదలుచున్న కాగితముపై గీతలుగా పడును. కాని గీత యెప్పుడు నొక్కినదియే చెప్పును. ఏల నొక్కినదియో చెప్పదు. అందుకు మనుష్యుని యెదుట కూర్చుండి యడుగుట తప్ప వేరు మార్గము లేదు. ఈ యడుగుటయే హెర్జోగ్ యొక్క నేర్పు.

ఆ నేర్పున కొక పెద్ద పరీక్ష 1938వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీ రాత్రి వచ్చెను. ఆర్సన్ వెల్స్ అను యువనటుడు హెచ్. జి. వెల్స్ వ్రాసిన నవల నొకదానిని నాటకముగా రేడియోలో ప్రదర్శించెను. అంగారక గ్రహవాసులు భూమిపై దండెత్తుట అందలి కథ. నాటకమును నాటకమువలెగాక, పాటకచ్చేరీ నడుమ వార్తలు చొరబడునట్లు కూర్చిరి. మొదట చేసిన "ఇది నాటకము" అను ప్రకటనను వినక, నడుమ చేరినవారు నిజమని తలచి భయపడిరి. అరువదిలక్షలమందియైనను విని యుందురనియు, అందు పదిలక్షలమందియైనను కలవరపడిరనియు హాడ్లీ కాంట్రిల్ అను ఆచార్యుడు అంచనా కట్టెను. ఆనాటి పత్రికలు గోరంతను కొండంత చేసినవని తరువాతి పరిశోధకులు కొందరు వాదించిరి. ఏమైనను భయపడినవా రుండిరనుట నిజము. వారు ఏల నమ్మిరో తెలిసికొనుటయే పరిశోధకుల కర్తవ్యము.

హెర్జోగును ఆమె సహచరులును న్యూజెర్సీ ప్రాంతమున తిరిగి 135 మందితో సావకాశముగా సంభాషించిరి. అందు నూటికి పైబడినవారిని భయపడినవారని తెలిసియే యెన్నుకొనిరి. వారు చెప్పినది విచారింపగా వినినవారు నాలుగు తెగలుగా విడివడిరి. కథలోని అసంభవములను బట్టియే నాటకమని గ్రహించినవారు కొందరు. వేరొక రేడియో కేంద్రమును త్రిప్పియో, పత్రికలోని కార్యక్రమపట్టికను చూచియో నిజము తెలిసికొనినవారు కొందరు. పరీక్షింపబోయియు మోసపోయినవారు కొందరు. పరీక్షింపనే పరీక్షింపనివారు కొందరు.

ఈ మూడవ తెగవారి చరిత్ర మిక్కిలి చిత్రమైనది. ఒకరు కిటికీనుండి చూడగా వీధినిండ కారులు పోవుచుండెను. జనులు పారిపోవుచున్నారని వారు నిశ్చయించిరి. మరియొకరు చూడగా వీధిలో నొక్క కారైనను లేదు. దారులు ధ్వంసమైనవని వీరు నిశ్చయించిరి. ఇంకొకరికి అంతయు ఎప్పటివలెనే కనబడెను. శత్రువు ఇంకను తమ పేటకు రాలేదని తలచిరి! మనస్సు ముందే నమ్మినచో కన్నులు చూచినదంతయు ఆ నమ్మకమునకే సాక్ష్యము పలుకును.

మన న్యాయశాస్త్రమున ఆప్తవాక్యము శబ్దప్రమాణమని చెప్పుదురు. నమ్మదగినవాని మాటను ప్రమాణముగా గైకొనవచ్చును. కాని పలుకువాడు ఆప్తుడా కాడా యని ముందుగా విచారింపవలెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో ఐరోపాఖండమున యుద్ధభయము కలిగినప్పుడు, అమెరికా ప్రజలు కార్యక్రమముల నడుమ చొరబడు వార్తలకు చెవులొగ్గి కూర్చుండిరి. రేడియో వారికి ఆప్తమయ్యెను. నాటకకర్త ఆ యాప్తుని వేషమునే ధరించెను. వార్తలు చెప్పుట నేర్పు విద్యాలయములలో ఈ కథను నేటికిని బోధించుటకు కారణ మిదియే.

ఈ పరిశోధన 1940లో పుస్తకరూపమున వెలువడెను. గ్రంథకర్తగా కాంట్రిల్ పేరు వేసి, హేజెల్ గాడెట్, హెర్టా హెర్జోగ్ అను నీ యిరువురు స్త్రీల పేర్లను "సహాయము" అను మాట క్రింద చేర్చిరి.

ఇక మన గృహిణులకు మిక్కిలి సన్నిహితమైన విషయమునకు వత్తము. అమెరికాలో పగటిపూట స్త్రీలకై రేడియోలో ధారావాహిక నాటకములు వచ్చుచుండెను. ఒక్కొక్కటి పావుగంట, వారమున కైదు దినములు. సబ్బులు చేయు కంపెనీలు వ్యయము భరించుటచే వీనికి సబ్బునాటకములని పేరు వచ్చెను. విద్యావంతులు వీనిని వెక్కిరించిరి. వినువారిని అంతకంటెను వెక్కిరించిరి. పనిలేనివారు, తెలివిలేనివారు, లోకముతో సంబంధము లేక నాలుగు గోడల నడుమ నుండువారు మాత్రమే వీనిని వినుదురని తీర్పు చెప్పిరి. ఆ తీర్పు చెప్పినవారు వినువారిని ప్రశ్నించి చెప్పినది గాదు.

హెర్జోగ్ న్యూయార్కు ప్రాంతమున నూరుమంది స్త్రీలను కలిసికొని, వారితో దీర్ఘముగా సంభాషించి, 1941లో ఆ ఫలితములను ప్రకటించెను. ఆ వ్యాసమునకు ఆమె పెట్టిన పేరునకు తెలుగున "ఎరువు తెచ్చుకొనిన యనుభవము" అని యర్థము చెప్పవచ్చును. ఒకే కథను వినిన స్త్రీలు దానిని ఒకే కథగా చెప్పలేదు. ఎవరి బాధ యేదియో వారికి కథలో అదియే కనబడెను. ఎవరి చిక్కులు ఎంత పెనగొనియున్నవో వారు అన్ని యెక్కువ నాటకములను వినుచున్నట్లును ఆమె గమనించెను.

ఇట్లు వినుటచే లభించు లాభములను ఆమె మూడు విధములుగా విభజించెను. మొదటిది మనోభారము దీరుట. ఇంటిలో అందరియెదుట ఏడ్వ వీలులేని స్త్రీ, కథలోని స్త్రీ కష్టమును అడ్డము పెట్టుకొని తన కష్టమునకు ఏడ్చును. రెండవది కోరిక దీరినట్లు తోచుట. తన కాపురమున లేని నెమ్మదిని ఇతరుల కాపురమున చూచి తాత్కాలికముగ తృప్తి పొందును. మూడవది అందరు ఊహింపనిది: ఉపదేశము. తమ సంసారమున నట్టి సందర్భము వచ్చినచో నెట్లు మెలగవలెనో ఈ కథలు నేర్పుచున్నవని వారు చెప్పిరి. ఒక తల్లి, కథలోని స్త్రీ బిడ్డలను కొట్టక, వారికి ప్రియమైన వస్తువును కొంతసేపు దూరము చేసి దారికి దెచ్చుట విని, కొట్టుటకంటె నదియే మేలని గ్రహించినట్లు చెప్పెను.

అంతటితో ఆమె ఊరకుండలేదు. వినువారిని మాత్రమే అడిగినచో సగము పనియే యగును. విననివారినిగూడ అడిగి పోల్చవలెను. 1944లో ప్రకటించిన మరియొక వ్యాసమున ఆమె ఆ పని చేసెను. పగటి నాటకములు వినువారు విననివారికంటె సంఘజీవనమునకు దూరమైనవారనుటకు నిదర్శన మేదియు ఆమెకు కానరాలేదు. అయోవా అను రాష్ట్రమున జరిగిన విచారణలో, వినుచున్న స్త్రీలలో నూటికి 41 మంది ఈ కథలు తమకు జీవితమున తోడ్పడినవనియు, 28 మంది తోడ్పడలేదనియు చెప్పిరి. "పనిలేనివారి కాలక్షేపము" అను మాటకు ఈ లెక్కలే బదులు.

అట్లని ఆమె ఈ నాటకములను నెత్తిన పెట్టుకొని పొగడలేదు. ఎరువు సొమ్ము బరువు చేటని మన పెద్ద లందురు. కథలో చిక్కు పడుట సులభము, విడిపోవుటయు సులభము. వ్రాయువాని కలము తలచిన చాలును. సంసారమున నట్లు గాదు. ఇందరు స్త్రీలు ఉపదేశమునకై నమ్మి యాశ్రయించుచున్నపుడు, వ్రాయువారిపైనను ప్రసారము చేయువారిపైనను గొప్ప బాధ్యత కలదని ఆమె పరిశోధన తెలియజేయుచున్నది. స్త్రీలను తేలికచేసి మాటలాడువారు ఈ బాధ్యతను చూడలేరు. తేలికయైనవారికి ఏమి చెప్పిన నేమియని వారి తలంపు.

తరువాత ఆమె జీవితము తిన్నని దారిని పోలేదు. 1943లో విశ్వవిద్యాలయపు పరిశోధనాలయమును విడిచి, మెక్కాన్ ఎరిక్సన్ అను ప్రకటనల కంపెనీలో పరిశోధకురాలై, చాలకాలము అచ్చట పనిచేసి పైస్థానముల కెక్కెను. లాజర్స్‌ఫెల్డుతోడి వివాహము విచ్ఛిన్నమయ్యెను. పాల్ మాసింగ్ అను సమాజశాస్త్రజ్ఞుని పెండ్లియాడెను. 1970 తరువాత ఐరోపాకు మరలి, ట్యూబింగెన్, వియన్నా విశ్వవిద్యాలయములలో బోధించెను. డెబ్బదియైదేండ్ల వయస్సునను ఆమె యుత్సాహము తగ్గలేదు. "డల్లాస్" అను అమెరికా టెలివిజన్ ధారావాహికను జర్మను ప్రజలు ఎట్లు గ్రహించుచున్నారో విచారించి 1986లో వ్యాసము ప్రకటించెను. 2010 ఫిబ్రవరిలో, నూరేండ్లు నిండుటకు కొన్ని మాసములు మిగిలియుండగా ఆస్ట్రియాలో దేహము చాలించెను.

ఈ విద్యకు మన దేశముతో సంబంధము లేకపోలేదు. వియన్నాలోనే పుట్టి, నాజీల నిర్బంధశిబిరములలో బాధలుపడి, అమెరికా చేరి కొలంబియాలో చదివిన పాల్ నాయిరత్ అను సమాజశాస్త్రజ్ఞుడు బొంబాయిలోని టాటా సామాజికశాస్త్ర సంస్థకు వచ్చెను. 1956లో పూనా ఆకాశవాణి 150 గ్రామములలో చర్చాసంఘముల నేర్పరచి, సేద్యము, ఆరోగ్యము మున్నగు విషయములపై ప్రసారములు చేయగా, ఆయన సంఘములున్న గ్రామములను లేని గ్రామములతో పోల్చి పరిశోధించెను. ఊరక వినుటకంటె, విని నలుగురు కూర్చుండి మాటలాడుకొనిన చోట విషయజ్ఞానము చాల హెచ్చినదని తేలెను. శ్రవణము తరువాత మననము కావలెనను మన పెద్దల మాటకు ఇది లెక్కలతో గూడిన సాక్ష్యము.

తెలుగునాట ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1954లోనే పత్రికారచనా శాఖ యేర్పడెను. హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యులైన వినోద్ పావరాల, కంచన్ కె. మాలిక్ అను వారు దేశమున ప్రజలు తమ రేడియోకై చేసిన పోరాటముపై పరిశోధించి 2007లో ఆంగ్లమున గ్రంథము వెలువరించిరి. వాయుతరంగములు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పెను. ఆ తీర్పు నిచ్చిన న్యాయమూర్తులలో బి. పి. జీవన్‌రెడ్డిగా రొకరు. అయినను ప్రజాసంఘములకు రేడియో నడుపుకొను ననుమతి 2006 వరకు రాలేదు. అప్పటి మెదకు జిల్లాలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత స్త్రీలు అంతవరకు తమ మాటలను, పాటలను, విత్తనముల ముచ్చటలను టేపులపై నెక్కించి సంఘములలో వినిపించుకొనిరి. 2008 అక్టోబరు 15వ తేదీన వారి సంఘం రేడియో ఆకాశమున పలికెను. విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఇట్టి స్త్రీల యొద్దకు బోయి, వారి మాటనే శాస్త్రమునకు ఆధారము చేసికొనిరి. 2011లో హైదరాబాదు విశ్వవిద్యాలయమున ప్రజామాధ్యమములపై యునెస్కో పీఠము నెలకొనెను.

ఈ దారిన నడువగోరు బాలిక ఏమి చదువవలెను? ఏ పట్టమైనను పొందిన పిమ్మట, పత్రికారచన–ప్రసారమాధ్యమముల శాఖలో రెండేండ్లు చదివి ఎం. ఏ. కావలెను. అధ్యాపకత్వమునకై విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారి నెట్ పరీక్ష ఈ విషయమునను కలదు. పిమ్మట పరిశోధన చేసి డాక్టరు పట్టము పొందవలెను. తెలుగు చక్కగా రాని బాలికకు తెలుగు రేడియోపై పరిశోధన పొసగదు. పల్లెటూరి వృద్ధురాలి మాటను ఆమె మాటగానే వ్రాసికొనుటకు నిఘంటువు చాలదు, చెవి కావలెను.

అంతకంటె ముఖ్యమైనది నడవడి. అడుగువారు తమకు కావలసిన బదులును ఎదుటివారి నోట పెట్టరాదు. తమకు రుచింపని బదులును కొట్టివేయరాదు. అడుగబడువారు పేదరాలైనను, చదువు రానిదైనను, ఆమెకు తన మనస్సు తనకు తెలియునని గౌరవించవలెను. తల్లులారా, మీ కుమార్తె యీ చదువు చదివెదనని కోరినచో, మాటలు వినుటకు పట్టమేలయని నవ్వి త్రోసివేయకుడు. లోకమున మనబోటివారినిగూర్చి మనలను అడుగకుండ చెప్పబడిన మాటలు కొల్లలు. వానిని దిద్దుటకు మన బిడ్డలే పూనుకొనినచో మనకు నష్టమేమి?

అంతవరకు మన మింటనే చేయదగిన పని యొకటి కలదు. చేతిలోని ఫోనునకు భయము గొలుపు వార్త యేదైన వచ్చినపుడు, పదిమందికి పంపుటకు ముందు, పలికినవారు ఆప్తులా కారా యని మరియొక చోట విచారింపుడు. రాత్రి ధారావాహిక ముగిసిన పిమ్మట మీ యత్తగారిని, వంటయింట మీకు తోడ్పడు నామెను, పదేండ్ల బాలికను వేర్వేరుగా పిలిచి, "కథలో నేమి జరిగినది?" అని యడుగుడు. నడుమ దిద్దక, వారు చెప్పినది చెప్పినట్లు ఒక కాగితముపై వ్రాయుడు. మూడు కాగితములను ప్రక్కప్రక్కన నుంచి చదివినచో, మన యింటనే యున్నవారినిగూర్చి మన మెన్నడు నడుగని సంగతులు కొన్నియైన తెలియును.